ఫస్ట్ ఇయర్ పిల్లలకి వైటల్స్ నేర్పడం ఎలా? ల్యాబ్ నుంచి వార్డు దాకా

కొత్త నర్సింగ్ బ్యాచ్ క్లాసులు మొదలైన నెలలోపే నాకు ఫోన్లు మొదలవుతాయి. ఎమ్మెస్సీ అయిపోయి అప్పుడే ట్యూటర్‌గా చేరినవాళ్ళు, వార్డులో అయిదారేళ్ళు స్టాఫ్ నర్స్‌గా చేసి కాలేజీ వైపు వచ్చినవాళ్ళు, అందరూ అడిగేది ఒకటే. "మేడమ్, పిల్లలు అరవై మంది, ల్యాబ్‌లో సరిగ్గా పనిచేసే బీపీ సెట్లు నాలుగు, వచ్చే నెల వార్డుకి పంపమంటున్నారు, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?" ఒక్కొక్కరికీ చెప్పిందే చెప్పేకంటే ఒకసారి వివరంగా రాసి పెడితే అందరికీ పనికొస్తుందని రాస్తున్నా.

ఫండమెంటల్స్ అంటే నర్సింగ్‌లో మొదట నేర్పే పనులు, బెడ్ మేకింగ్ నుంచి ఎనిమా దాకా చాలా ఉన్నాయి. 2021లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ బీఎస్సీకి సెమిస్టర్ పద్ధతి తెచ్చాక నర్సింగ్ ఫౌండేషన్స్ మొత్తం మొదటి రెండు సెమిస్టర్లలోనే అవ్వాలి, టైమ్ ఎప్పుడూ చాలదు. అన్నీ ఇక్కడ చెప్పను. చేతులు కడుక్కోవడం, వైటల్స్ అని పిలిచే నాలుగూ (టెంపరేచర్, పల్స్ అంటే నాడి, రెస్పిరేషన్ అంటే నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో, బీపీ), ఆ తర్వాత చార్ట్‌లో రాయడం, ఇంతే చెప్తా. ఎందుకంటే పిల్లలు వార్డులో మొదటిరోజు నుంచి చేసే పని ఇదే, చూడకుండా రాయడం అలవాటయ్యేది కూడా ఇక్కడే.

ఈ మాట ఊరికే అనట్లేదు. నేను ట్యూటర్‌గా చేరిన కొత్తల్లో పదిమందిని తీసుకుని మెడికల్ వార్డుకి వెళ్ళా. పదింటికల్లా చార్టులు నా చేతికొచ్చాయి, అన్నిట్లోనూ రెస్పిరేషన్ 20. ఒక్కదాంట్లో కూడా 18 లేదు, 22 లేదు. చివరి మంచం మీద ఒక తాత కూర్చుని రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించుకుని భుజాలు ఎగరేస్తూ ఊపిరి తీసుకుంటున్నాడు, పక్కన నిలబడి నిమిషం లెక్కపెడితే 34 వచ్చింది. ఆయన చార్ట్‌లో కూడా 20 అనే ఉంది. రాసిన అమ్మాయిని పక్కకి పిలిచి అడిగితే ఏడుస్తూ చెప్పింది, "లెక్కపెట్టడం మొదలుపెట్టా మేడమ్, మధ్యలో తప్పిపోయింది, మళ్ళీ లెక్కపెడుతుంటే లేటవుతుంది తిడతారని పక్క చార్ట్ చూసి రాశా" అని. డ్యూటీ డాక్టర్‌ని పిలిచాం, ఆక్సిజన్ పెట్టారు, తాత తేరుకున్నాడు. కానీ ఆ తప్పు ఆ అమ్మాయిది అని నేను ఇప్పటికీ అనుకోను. ల్యాబ్‌లో రెస్పిరేషన్‌కి నేను ఇచ్చింది అయిదు నిమిషాలు. లెక్క తప్పితే ఏం చెయ్యాలో నేను చెప్పనే లేదు. కింద రాసే పద్ధతి అంతా ఆ రోజు తర్వాత మార్చుకుంటూ వచ్చిందే.

ఏమేం కావాలి

బీపీ సెట్లు ఎన్ని ఉంటే అన్ని, కనీసం మూడు సైజుల కఫ్‌లు (చేతికి చుట్టే పట్టీలు): సన్న చేతికి, మామూలు చేతికి, లావు చేతికి. ఒకటే డయాఫ్రమ్‌కి (ఒంటికి ఆనించే గుండ్రటి బిళ్ళ) రెండు జతల ఇయర్ పీసులుండే టీచింగ్ స్టెతస్కోప్ ఒక్కటైనా ఉండాలి, ఇది మాత్రం ఎలాగైనా కొనిపించండి, హైదరాబాద్ కోఠిలో సర్జికల్ షాపుల్లో అడిగితే లేకపోయినా తెప్పిస్తారు. డిజిటల్ థర్మామీటర్లు, స్పిరిట్ స్వాబ్స్, పల్స్ ఆక్సీమీటర్ ఒకటి. సెకన్ల ముల్లు ఉన్న వాచీ ప్రతి ఒక్కరికీ. సుల్తాన్ బజార్ ఫుట్‌పాత్ మీద దొరికే మామూలు వాచీ చాలు, కానీ ఫోన్‌లో చూస్తాం అంటే ఒప్పుకోకండి, వార్డులో ఫోన్ బయటికి తియ్యకూడదు కదా. చిన్న చిన్న చిట్టీలు ఒక కట్ట. పోస్టర్ కలర్ ఒక సీసా. మెట్రోనోమ్ యాప్ (నిమిషానికి ఎన్ని పెడితే అన్ని సార్లు సమంగా టిక్ టిక్ మంటుంది) ఉన్న ఫోన్, ఇయర్ ఫోన్స్, ఇవి మీ దగ్గర మాత్రమే.

మ్యానికిన్ (ప్రాక్టీస్ బొమ్మ) లేదని బాధపడకండి. వైటల్స్‌కి పక్కన కూర్చున్న మనిషిని మించిన మ్యానికిన్ లేదు.

మొదలుపెడదాం

1. ముందు ట్యూటర్లందరూ ఒక మాట మీదికి రండి. ఒక మేడమ్ పల్స్ అర నిమిషం చాలంటుంది, ఇంకో మేడమ్ నిమిషం అంటుంది, పిల్లలు ఎవరి ముందు ఏం చెయ్యాలో నేర్చుకుంటారు తప్ప పల్స్ నేర్చుకోరు. ఒక సాయంత్రం కూర్చుని ప్రొసీజర్ ఒక పేజీలో రాసుకోండి. అదే రోజు పరికరాలన్నీ చూసుకోండి. గాలి మొత్తం వదిలేసినప్పుడు బీపీ ముల్లు సున్నా మీద లేకపోతే ఆ సెట్ పక్కన పెట్టి రిపేర్‌కి పంపాలి, "అయిదు ఎక్కువ చూపిస్తుంది, అది తీసేసి రాయండి" అని పిల్లలకి అస్సలు చెప్పకండి.

2. చేతులు కడగడంతో మొదలుపెట్టండి, కానీ లెక్చర్ వద్దు. సబ్బూ నీళ్ళతో అయితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు, చేతులకి మురికి కనిపించనప్పుడు హ్యాండ్ రబ్ వాడితే 20 నుంచి 30 సెకన్లు అని చెప్పి వదిలేస్తే ఎవరికీ గుర్తుండదు. ఇలా చెయ్యండి. ఒక అమ్మాయి కళ్ళకి చున్నీ కట్టి అరచేతిలో సబ్బుకి బదులు పోస్టర్ కలర్ వెయ్యండి, మామూలుగా ఎలా కడుక్కుంటావో అలా రుద్దు అనండి. చున్నీ విప్పాక తన చేతులు తనే చూసుకుంటుంది. బొటనవేళ్ళ చుట్టూ, వేళ్ళ కొసలు, అరచేతి వెనకవైపు తెల్లగానే ఉంటాయి. క్లాసులో ప్రతి ఒక్కరికీ దాదాపు అవే చోట్లు మిగులుతాయి.

కలర్ లేకపోతే కొబ్బరినూనెలో పసుపు కలిపి చేతులకి మొత్తం పూసి సబ్బుతో కడగమనండి. సబ్బు తగలగానే పసుపు పారాణిలా ఎర్రబడుతుంది, ఎక్కడ సరిగ్గా రుద్దలేదో అక్కడ మందంగా మిగిలిపోతుంది. పల్చటి పసుపు ఛాయ ఎంత కడిగినా ఉంటుంది, దానికి మార్కులు తీసెయ్యకండి. ఉంగరాలు, గాజులు, గోళ్ళరంగు ఆ రోజే తీయించేసి ఇక నాలుగేళ్ళూ డ్యూటీలో లేకుండా చూడండి.

3. ఏది చూపించినా నాలుగు మెట్లలో చూపించండి. పేటన్ అనే సర్జన్ 1998లో చెప్పిన పద్ధతి ఇది, నేను చాలా వాటిని ప్రయత్నించి చివరికి దీని దగ్గరే ఆగా. మొదటిసారి మీరు మాట్లాడకుండా మామూలు స్పీడ్‌లో చేసి చూపించండి. రెండోసారి ఒక్కో పనీ చెప్తూ నిదానంగా చెయ్యండి. మూడోసారి పిల్లలు చెప్పాలి, వాళ్ళు చెప్పిందే మీరు చెయ్యాలి. నాలుగోసారి వాళ్ళే చెప్తూ వాళ్ళే చెయ్యాలి. అందరూ ఎగరగొట్టేసేది మూడోదాన్నే, టైమ్ లేదని. అసలు పని జరిగేది అక్కడే. వాళ్ళు "కఫ్ కట్టండి మేడమ్" అంటే మీరు కావాలని మోచేతి మడత మీద కట్టండి, ఎవరో ఒకరు "అక్కడ కాదు, పైన" అంటారు. ఎవరూ అనకపోతే వాళ్ళకి ఇంకా రాలేదని మీకు అప్పుడే తెలిసిపోతుంది.

అరవై మందికి ఒకేసారి డెమో చూపిస్తే వెనక వరసకి మీ వీపు తప్ప ఏమీ కనిపించదు. నాలుగు గుంపులు చెయ్యండి, పల్స్‌కీ రెస్పిరేషన్‌కీ పరికరాలేం అక్కర్లేదు కాబట్టి రెండు గుంపులు జంటలుగా అవి చేస్తుంటే మిగతా రెండు బీపీ, టెంపరేచర్ దగ్గర ఉంటాయి. థర్డ్ ఇయర్ అమ్మాయిల్ని సాయానికి పిలవచ్చు, పిల్లలకి అక్కలతో భయం తక్కువ. అయితే ముందు ఆ అక్కలతో ఒకసారి చేయించి చూసుకోండి, వార్డులో నేర్చుకున్న షార్ట్‌కట్‌లు నేరుగా కిందికి దిగిపోతాయి.

4. టెంపరేచర్ త్వరగా అయిపోతుంది. చంక చెమటగా ఉంటే రుద్దకుండా అద్ది తుడవాలి, థర్మామీటర్ కొస చర్మానికి తగలాలి, జాకెట్ బట్టకి కాదు, చెయ్యి దగ్గరికి ఆనించి పట్టుకోవాలి, బీప్ వచ్చేదాకా కదలకూడదు. చంకలో వచ్చేది నోట్లో వచ్చేదానికంటే ఇంచుమించు ఒక డిగ్రీ ఫారన్‌హీట్ తక్కువ ఉంటుంది, కాబట్టి ఎక్కడ తీశారో రాయకపోతే ఆ అంకెకి అర్థం లేదు. నోట్లో తీస్తుంటే చాయ్ తాగారా అని అడగడం నేర్పండి, మన దగ్గర వార్డులో పొద్దున్నే ఫ్లాస్క్‌లో చాయ్ రాని మంచం ఉండదు, తాగితే కనీసం 15 నిమిషాలు, వీలైతే అరగంట ఆగాలి. నుదుటి ముందు పెట్టే గన్ వాడితే ఫ్యాన్ గాలికీ చెమటకీ రీడింగ్ మారుతుందని చెప్పండి, అనుమానం వస్తే మామూలు థర్మామీటర్‌తో మళ్ళీ తియ్యాలి.

జాగ్రత్త: మీ ల్యాబ్‌లో ఇంకా పాత పాదరసం థర్మామీటర్లు ఉంటే వాటిని పిల్లల చేతికివ్వకండి. ఒకవేళ పగిలితే చీపురుతో ఊడవద్దు, చిన్న చిన్న బొట్లయి గదంతా పోతుంది. పిల్లల్ని బయటికి పంపి, కిటికీలు తెరిచి, బంగారు ఉంగరాలూ గాజులూ తీసేసి, గ్లవ్స్ వేసుకుని, గట్టి అట్టముక్కతో బొట్లన్నీ ఒకచోటికి తోసి సిరంజితో పీల్చి నీళ్ళున్న సీసాలో వేసి మూత పెట్టాలి. ఉంగరం తీయమన్నది ఎందుకంటే పాదరసం తగిలితే బంగారం తెల్లబడి పాడైపోతుంది.

5. పల్స్. చూపుడు వేలు, మధ్యవేలు, ఉంగరం వేలు, ఈ మూడింటి కొసలూ మణికట్టు మీద బొటనవేలి వైపు పెట్టాలి. బొటనవేలితో పట్టుకోకూడదు, అందులో మన పల్సే కొట్టుకుంటుంది. గట్టిగా నొక్కితే ఆగిపోతుంది, అందుకే "దొరకట్లేదు మేడమ్" అన్న పిల్లలకి నేను చెప్పేది, "ఇంకొంచెం వదులు". పెద్దవాళ్ళలో 60 నుంచి 100 మామూలు.

మొదటి సెమిస్టర్ మొత్తం పూర్తి నిమిషం లెక్కపెట్టాల్సిందే. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే ఒక్కటి తప్పినా నాలుగు తప్పినట్టు, కొట్టుకోవడం మధ్యలో ఆగి ఆగి వస్తుంటే అసలు తెలియనే తెలియదు. అంకెతో పాటు సమంగా ఉందా లేదా, బలంగా ఉందా లేదా కూడా చెప్పించండి.

సరిగ్గా వచ్చిందో లేదో చూడ్డానికి సులువు దారి ఒకటుంది. ఒక అమ్మాయి కూర్చుంటే ఇద్దరు చెరో మణికట్టూ పట్టుకుంటారు, మీరు "స్టార్ట్" అంటారు, నిమిషానికి "స్టాప్" అంటారు, ఇద్దరూ మాట్లాడుకోకుండా చిట్టీ మీద రాసి మీకిస్తారు. తేడా రెండు మూడు ఉంటే పర్లేదు, అంతకు మించితే మళ్ళీ. ఆక్సీమీటర్‌లో కూడా పల్స్ కనిపిస్తుంది, కానీ అది చివర్లో సరిచూసుకోడానికే, ముందే తగిలిస్తే పిల్లలు వేళ్ళతో చూడకుండా దాన్నే చూస్తారు. దాన్ని వాడేటప్పుడు వేలికి గోళ్ళరంగు గానీ ముదురు మెహందీ గానీ ఉంటే వేరే వేలికి పెట్టమనండి.

6. రెస్పిరేషన్. దీనికి అందరూ తక్కువ టైమ్ ఇస్తారు, పరికరం లేదు కదా అని. నాకడిగితే నాలుగింట్లో ఇదే కష్టం.

పేషెంట్‌కి చెప్పి లెక్కపెట్టకూడదు, చెప్తే ఊపిరి మారిపోతుంది. పల్స్ చూశాక చెయ్యి వదలకుండా అలాగే పట్టుకుని, ఇంకా పల్సే చూస్తున్నట్టు వాచీ వైపు కన్నేసి, ఛాతీ గానీ పొట్ట గానీ పైకి లేవడం చూడాలి. లేచి దిగితే ఒకటి. పూర్తి నిమిషం. పెద్దవాళ్ళలో 12 నుంచి 20. దుప్పటి నిండా కప్పుకుని ఉంటే కనిపించదు, అలాంటప్పుడు పేషెంట్ చేతిని మెల్లగా వాళ్ళ పొట్ట మీదే పెట్టి మణికట్టు పట్టుకుంటే, ఊపిరితో పాటు మీ చెయ్యి కూడా లేస్తుంది, లెక్క తప్పదు. బురఖాలో ఉన్న అమ్మల దగ్గర కూడా ఇదే దారి, బట్ట తొలగించక్కర్లేదు.

ప్రాక్టీస్ ఎలా? ఆరోగ్యంగా ఉన్న పిల్లలందరికీ 16, 18 వస్తాయి, అవే రాసీ రాసీ ఏదొచ్చినా 18 రాసే అలవాటు పడిపోతారు. అందుకే నేను మెట్రోనోమ్ వాడతా. ఒక అమ్మాయిని పడుకోబెట్టి చెవిలో ఇయర్ ఫోన్ పెడతా. యాప్‌లో నిమిషానికి 56 పెడితే ఒక టిక్‌కి ఊపిరి తీసుకుని ఇంకో టిక్‌కి వదులుతుంది, అంటే 28 రెస్పిరేషన్లు. చుట్టూ ఉన్నవాళ్ళు లెక్కపెట్టి చిట్టీ రాస్తారు. సరైన జవాబు నాకూ పడుకున్నమ్మాయికీ మాత్రమే తెలుసు. తర్వాత 36 పెడితే 18, ఆ తర్వాత 44 పెడితే 22. మొదటిరోజు చిట్టీలు చూస్తే మీకే ఆశ్చర్యమేస్తుంది, 28కి కూడా సగం మంది 20 రాస్తారు. వాళ్ళని తిట్టకండి, చిట్టీలన్నీ బోర్డు మీద పేర్లు లేకుండా రాసి, పక్కన 28 రాసి, మళ్ళీ లెక్కపెట్టించండి.

జాగ్రత్త: వేగంగా ఊపిరి తీసే అమ్మాయితో ఒక్క నిమిషమే చేయించండి, ఆ తర్వాత ఇంకొకరు. ఎక్కువసేపు చేస్తే కళ్ళు తిరుగుతాయి, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఆస్తమా ఉన్నవాళ్ళని పడుకోబెట్టకండి.

లెక్క తప్పిపోతే? "తప్పింది, మళ్ళీ మొదలుపెడుతున్నా" అని గట్టిగా పైకి అనడం ల్యాబ్‌లోనే అలవాటు చెయ్యండి. మా ల్యాబ్‌లో ఆ మాట అన్నవాళ్ళని ఎవరూ నవ్వకూడదు, ఇది నేను మొదటిరోజే చెప్తా, నవ్వినవాళ్ళని ఆపుతా కూడా.

7. బీపీ. దీనికి నాలుగు క్లాసులు పెట్టుకోండి.

మొదటి క్లాసులో స్టెతస్కోప్ బయటికే తియ్యొద్దు. కఫ్‌ని నీళ్ళ బాటిల్‌కి గానీ చుట్టిన దుప్పటికి గానీ కట్టి, 200 దాకా గాలి కొట్టి, వాల్వ్‌ని మెల్లగా వదలడం ఒక్కటే పని. సెకనుకి 2 నుంచి 3 దిగాలి, అంటే 200 నుంచి 100కి రావడానికి 33 నుంచి 50 సెకన్లు పట్టాలి, వాచీ పెట్టి చూడండి. పిల్లలు మొదట్లో పది సెకన్లలో దింపేస్తారు, అలా దింపితే శబ్దం ఎక్కడ మొదలైందో దేవుడికి కూడా తెలియదు.

రెండో క్లాసులో మనిషి చేతికి కట్టి, పల్స్ పట్టుకుని గాలి కొట్టాలి, పల్స్ ఆగిన అంకె గుర్తుపెట్టుకోవాలి. ఇది ఎందుకో ఒక్క ముక్కలో చెప్పండి: బీపీ బాగా ఎక్కువున్న కొంతమందిలో శబ్దం వచ్చి, మధ్యలో మాయమై, మళ్ళీ వస్తుంది. ముందు చేత్తో చూసుకోకుండా తక్కువ గాలి కొడితే 200 ఉన్న మనిషికి 160 రాసేస్తాం.

మూడో క్లాసులో స్టెత్. ఇయర్ పీసులు ముక్కు వైపు వంగి ఉండేలా పెట్టుకోవాలి, తిరగేసి పెట్టుకుంటే ఏమీ వినపడదు, "రావట్లేదు" అన్నవాళ్ళలో చాలామంది తప్పు ఇదే. డయాఫ్రమ్ మీద వేలితో మెల్లగా తట్టి వినపడుతుందో లేదో చూసుకోవాలి. మోచేతి మడతలో చిటికెన వేలి వైపు పల్స్ వెతికి సరిగ్గా దాని మీద పెట్టాలి, కఫ్ కిందికి దూర్చకూడదు. కఫ్ కింది అంచు మడతకి రెండు మూడు సెంటీమీటర్లు పైన ఉండాలి. పల్స్ ఆగిన చోటికి ఇంకో 30 ఎక్కువ కొట్టి నిదానంగా వదలాలి. మొదటి టక్ టక్ పైది, శబ్దం పూర్తిగా పోయింది కిందిది. 1905లో కొరోట్కోవ్ అనే రష్యన్ డాక్టర్ కనిపెట్టిన శబ్దాలు ఇవే, ఇప్పటికీ మనం వినేది అవే. మధ్యలో తప్పిపోతే అక్కడికక్కడే మళ్ళీ గాలి కొట్టకూడదు, మొత్తం వదిలేసి ఒకటి రెండు నిమిషాలు ఆగి మొదట్నుంచి చెయ్యాలి.

నాలుగో క్లాస్ పరీక్షే. టీచింగ్ స్టెత్‌లో ఒక జత మీ చెవుల్లో, ఇంకో జత అమ్మాయి చెవుల్లో. ఇద్దరూ వేరువేరుగా చిట్టీ రాసుకుని కలిపి చూసుకోండి. రెండు అంకెల్లోనూ తేడా 4 లోపు ఉంటే వచ్చినట్టు. టీచింగ్ స్టెత్ లేకపోతే రెండు నిమిషాలు ఆగి అదే చేతికి ఆటోమేటిక్ మెషిన్ పెట్టి చూడండి, కచ్చితంగా కలవదు, కానీ 120 దగ్గర 150 వస్తే ఎక్కడో తేడా ఉందని తెలుస్తుంది.

ఎక్కువగా చూసే తప్పులు ఇవి. అయిదు నిమిషాలు కూర్చోబెట్టకుండా మెట్లెక్కి వచ్చినవాళ్ళకి వెంటనే తియ్యడం. చెయ్యి కిందికి వేలాడుతుంటే తియ్యడం, చెయ్యి గుండె ఎత్తులో ఏదో ఒకదాని మీద ఆని ఉండాలి, లేకపోతే ఎక్కువ చూపిస్తుంది. కాలు మీద కాలు వేసుకుని ఉండటం, తీస్తుండగా మాట్లాడించడం. లావు చేతికి చిన్న కఫ్ కట్టడం, ఇది కూడా ఎక్కువే చూపిస్తుంది, లోపలి గాలి సంచి చేతి చుట్టుకొలతలో 80 శాతం దాకా రావాలి. ఇంకా జాకెట్ చెయ్యి మీదే కఫ్ కట్టడం, లేదా బిగుతు చెయ్యిని పైకి మడిచి దాని కింద కట్టడం. మడిచిన బట్ట తాడు కట్టినట్టే పనిచేస్తుంది. కర్టెన్ వేసి, అడిగి, ఆ ఒక్క చెయ్యీ బట్టలోంచి తీయించాలి. అబ్బాయిలు ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళేటప్పుడు పక్కన ఒక అమ్మాయి ఉండాలి.

ఏ చేతికి తియ్యకూడదో బోర్డు మీద రాసి పెట్టండి: సెలైన్ ఎక్కుతున్న చెయ్యి, కట్టున్న చెయ్యి, రొమ్ము తీసేసిన వైపు చెయ్యి, డయాలిసిస్ ఫిస్టులా (డయాలిసిస్ కోసం ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చెయ్యి. ఫిస్టులా మీద మెల్లగా వేళ్ళు పెడితే గుర్రుమని తగులుతుంది, అది ఒకసారి తాకి చూసినవాళ్ళు జన్మలో మర్చిపోరు, వార్డులో అలాంటి పేషెంట్ ఒప్పుకుంటే పిల్లలకి చూపించండి.

8. రాయడం. చార్ట్ మీద పెన్ను పెట్టేది పేషెంట్ పక్కన ఉండగానే, నర్సింగ్ స్టేషన్‌కి వచ్చాక కాదు. టైమ్, ఏ చెయ్యి, కూర్చునా పడుకునా, టెంపరేచర్ ఎక్కడ. తియ్యలేకపోతే ఖాళీ వదిలి, ఎందుకు తియ్యలేదో రాసి, స్టాఫ్ సిస్టర్‌కి చెప్పాలి. "పేషెంట్ స్కానింగ్‌కి వెళ్ళారు", "శబ్దం వినిపించలేదు, మేడమ్‌కి చెప్పాను", ఇలా. మామూలు రేంజ్ దాటితే ఒకసారి మళ్ళీ తీసి వెంటనే చెప్పాలి. మనిషి ఆయాసపడుతున్నట్టో మత్తుగా ఉన్నట్టో కనిపిస్తే మళ్ళీ తీసేదాకా కూడా ఆగక్కర్లేదు, ముందు పిలవాలి.

"వినిపించలేదు మేడమ్" అని ఒక పిల్ల వచ్చి చెప్తే మీరు ఆ క్షణంలో పెట్టే మొహమే మొత్తం బ్యాచ్‌కి పాఠం. ఒక్కసారి విసుక్కున్నారా, రేపటినుంచి అందరికీ 120/80 వస్తుంది. "మంచి పని చేశావు, పద చూద్దాం" అని లేచి వెళ్ళండి, ఎంత బిజీగా ఉన్నా సరే.

9. వార్డు మొదటిరోజు. ఒక్కొక్కరికి ఒక్క పేషెంట్, అంతకంటే వద్దు. ముందు స్టాఫ్ సిస్టర్‌కి పరిచయం చెయ్యండి, ఎవరికి తియ్యొచ్చో ఆమెనే అడగండి. పిల్ల తన పేరు చెప్పి, ఫస్ట్ ఇయర్ స్టూడెంట్‌ని అని చెప్పి, ఒప్పుకుంటేనే తియ్యాలి. వద్దంటే వద్దు. "ఏంది బిడ్డా, ఇందాకనే ఒకామె చూసిపోయింది, మళ్ళ ఒచ్చినవా" అంటారు కొంతమంది, అది కోపం కాదు అలసట, అలాంటప్పుడు దండం పెట్టి ఇంకో మంచం దగ్గరికి తీసుకెళ్ళండి.

పేరు అడిగే పద్ధతి ముఖ్యం. "మీరు లక్ష్మమ్మేనా?" అంటే సగం నిద్రలో ఉన్నవాళ్ళు దేనికైనా ఆఁ అంటారు, ఒకే వార్డులో ఇద్దరు లక్ష్మమ్మలు ఉండటం మన దగ్గర మామూలే. "మీ పేరు చెప్పండమ్మా" అని అడిగి, కేస్ షీట్ మీద పేరూ, అడ్మిషన్‌లో ఇచ్చే ఐపీ నంబరూ చూడాలి. మంచం నంబర్ గుర్తు కాదు, పొద్దున్నే మంచాలు మారిపోతాయి.

ఖమ్మం, నల్గొండ, మహబూబ్‌నగర్ నుంచి వచ్చే పిల్లలకి హైదరాబాద్ వార్డులో ఇంకో ఇబ్బంది, ఉర్దూ. నాలుగు వాక్యాలు ముందే బట్టీ పట్టించండి: "ఆప్ కా నామ్ బోలియే అమ్మా", "బీపీ దేఖ్ రహీ హూఁ, దర్ద్ నహీఁ హోతా", "హాత్ సీధా రఖియే", "దో మినట్ బాత్ మత్ కరియే". అంటే మీ పేరు చెప్పండమ్మా, బీపీ చూస్తున్నా నొప్పి ఉండదు, చెయ్యి తిన్నగా పెట్టండి, రెండు నిమిషాలు మాట్లాడకండి అని. యాస ఎలా ఉన్నా పర్లేదు, పెద్దవాళ్ళని ఖాలా (పిన్నీ), చాచా (బాబాయ్) అని పిలిస్తే వాళ్ళే సర్దుకుని చెయ్యి చాపుతారు.

నేర్చుకున్నారో లేదో ఎలా తెలుస్తుంది?

వారం తర్వాత చార్టులన్నీ ముందేసుకుని చివరి అంకెలు చూడండి. మాన్యువల్ బీపీ మీటర్ మీద గీతలు రెండేసి అంకెలకి ఒకటి ఉంటాయి, కాబట్టి చివర్లో 0, 2, 4, 6, 8 అన్నీ కలగలిపి రావాలి. అన్నీ సున్నాతోనే ఆగుతుంటే చూసి రాయట్లేదు, అందాజాగా రాస్తున్నారు. 125, 85 లాంటివి కనిపిస్తే ఆ గీత మీటర్ మీద ఎక్కడుందో చూపించమని అడగండి, నిలదీసినట్టు కాదు, చూపించమని. రెస్పిరేషన్ వరసగా 18 లేదా 20 వస్తుంటే ఆ బ్యాచ్‌ని మళ్ళీ మెట్రోనోమ్ దగ్గరికి తీసుకెళ్ళండి.

రోజుకి ఒక్కో గుంపులో ఇద్దరు తీసినవి మీరు కూడా పది నిమిషాల్లోపు వెళ్ళి తియ్యండి. ఎవరివి చూస్తారో ముందే చెప్పొద్దు, కానీ చూస్తారని మాత్రం చెప్పండి. ఆస్కీకి (ఒక్కో పనీ చేయించి చూసే ప్రాక్టికల్ పరీక్ష) కూడా చెక్‌లిస్ట్‌లో ఒక గడి కలపండి: తెలియనప్పుడు తెలియదని చెప్పిందా లేదా. మా దగ్గర దానికి మార్కులున్నాయి.

ఎన్నిసార్లు చేయించాలి అని అడుగుతారు. లెక్క పెట్టుకోవద్దు, చిట్టీలు వరసగా మూడుసార్లు మీదాంతో కలిసేదాకా. కొందరికి రెండు రోజులు, కొందరికి మూడు వారాలు. లేటైనవాళ్ళని వార్డుకి పంపకుండా ఆపక్కర్లేదు, వాళ్ళకి బీపీ ఒక్కటీ మీ పక్కన ఉండగా తియ్యమని చెప్పి మిగతావి చెయ్యనివ్వండి.

ఎంత చేసినా ఒక అమ్మాయికి శబ్దం వినిపించట్లేదంటే ముందు స్టెత్ మార్చండి, ట్యూబ్ పగిలిందేమో చూడండి, నిశ్శబ్దంగా ఉన్న గదిలో చేయించండి. అప్పటికీ రాకపోతే చెవులు చూపించమనండి, కోఠిలో గవర్నమెంట్ ఈఎన్‌టీ హాస్పిటల్ ఓపీకి పంపొచ్చు. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి నెలరోజులు "వస్తోంది మేడమ్" అంటూ నెట్టుకొచ్చి, చివరికి ఒకరోజు స్టోర్ రూమ్ దగ్గర ఆపి మెల్లగా చెప్పింది, ఎడమ చెవి సరిగ్గా వినపడదని, చెప్తే కోర్సు నుంచి తీసేస్తారని భయపడ్డానని. డాక్టర్ చూస్తే రెండు చెవుల్లోనూ గులిమి గట్టిపడి ఉంది. అది తీయించాక సోమవారం ల్యాబ్‌కి వచ్చి టీచింగ్ స్టెత్ పెట్టుకుంది, గాలి వదులుతూ వదులుతూ నా వైపు చూసి తల ఊపింది. తన చిట్టీలో 116/74, నా దాంట్లో 118/74.